దగ్గులత్త

ఆ ఏడు వానలు తగ్గుముఖం పట్టే రోజుల్లో నాకు అప్పగించిన పనికి కాగితాల మీద ఉన్న పేరు ‘సమీక్షె’. కన్నడంలో ఆ మాటకు సర్వే అని అర్థం. పని మొదలుపెట్టక ముందే ఊళ్ళోవాళ్ళకు ఏం కావాలో కనుక్కోవడం. అదే మాట తెలుగులో అయితే అంతా అయిపోయాక కూర్చుని తిరగేసుకోవడం. మా బీదర్ ఆఫీసులో నేనొక్కదాన్నే తెలుగుదాన్ని కాబట్టి ఈ తేడా చూసి నాలో నేనే నవ్వుకున్నాను. మూడు వారాలు తిరిగేసరికి ఆ నవ్వు ఎండిపోయింది.

మాది ఇక్కడి పాత క్రైస్తవ కుటుంబం. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, బజారులో దక్కనీ ఉర్దూ. చిన్నప్పటినుంచి మా చర్చిలో క్రిస్మస్ నాటకాలు నేనే రాసేదాన్ని. గొర్రెల కాపరులకు మా వీధి మాటలు పెట్టి జనాన్ని నవ్వించేదాన్ని. ఆ నేర్పు చూసి ఒక సంస్థవాళ్ళు ఆరోగ్యం మీద వీధి నాటకాలు రాయించుకున్నారు. కొన్నేళ్ళకు అది మూతపడితే ఇప్పుడున్న సంస్థలో చేరాను. ఇక్కడా అదే తీరు: నాటకాలతో, పాటలతో, గోడల మీద బొమ్మలతో రోగాల గురించి, మందుల గురించి చెప్పడం. ఈసారి మాత్రం ముందుగా ఆరు ఊళ్ళు తిరిగి జనాన్ని అడిగి, ఆ తర్వాతే కార్యక్రమం వేద్దామన్నారు. ఇన్నేళ్ళలో అలా అడగాలని ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు. అందుకే ఉత్సాహంగా బయలుదేరాను.

ప్రాజెక్టు సార్ తయారుచేసిన ఫారం నాలుగు పేజీలు, అంతా కన్నడం. అందులో అసలు ప్రశ్న మూడో పేజీలో ఉంది. ‘మీ ఊరికి ఏ కళారూపం కావాలి?’ దాని కింద నాలుగు గళ్ళు: నాటకం, పాట, గోడబొమ్మ, తోలుబొమ్మలాట. చివరి పేజీ అడుగున ‘ఇతర’ అని రాసి ఒకటిన్నర గీత వదిలారు.

మొదటి వారం చిమ్కోడ్ దారి పట్టుకుని ఆ చుట్టుపక్కల ఊళ్ళు తిరిగాను. పెసర్లు అయిపోయి సోయా పచ్చగా నిలబడి ఉన్న కాలం. పొద్దున ఎనిమిదింటికల్లా ఆడవాళ్ళంతా చేలకు పోతారు. నా బస్సు తొమ్మిదిన్నరకు. ఇళ్ళ దగ్గర దొరికేది ముసలివాళ్ళు, బాలింతలు, హోటల్ ముందు కూర్చున్న మగవాళ్ళు.

“మీ ఊరికి ఏం పెడితే మంచిగుంటది, తాతా? నాటకమా, పాటనా?” అని అడిగేదాన్ని.

“మీరు ఏది పెడ్తె అది సూస్తం బిడ్డా. వద్దంటమా మేము?”

“గట్ల కాదు. మీకు ఏం కావాల్నో మీరే చెప్పాలె.”

“మాకు కావాల్సింది నీ తాన ఉన్నదా?” అని పక్కనున్నాయన అడిగాడు. ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు. ఉన్న నాలుగూ చదివి వినిపించాను. “సరే, నాటకం రాస్కో” అన్నాడు, నా మీద జాలిపడి.

అందరూ అలాగే జాలిపడ్డారు. సాయంత్రానికి గళ్ళన్నీ నిండేవి. నాకు మాత్రం ఒక్క మాటైనా విన్నట్టు ఉండేది కాదు. మూడో రోజు నుంచి బస్సు మానేసి, మా తమ్ముడి స్కూటర్ అడిగి తీసుకుని ఏడింటికే ఊళ్ళో ఉండటం మొదలుపెట్టాను. చేలకు పోతున్న ఆడవాళ్ళ వెంట నడుస్తూ అడిగేదాన్ని. వాళ్ళు నాటకాల గురించి మాట్లాడలేదు. నర్సమ్మ పదకొండింటికి వస్తుందట. అప్పటికి ఊళ్ళో ఆడమనిషి ఉండదు. “గామె జర ఏడింటికొస్తె మేం గోలీలు తీస్కోని పోతుంటిమి. గిది చెప్పు నీ సార్లకు” అంది ఒకామె, తలమీద సద్దిమూట సర్దుకుంటూ. ఆ వెనక వస్తున్నామె కూడా అదే చెప్పింది. తర్వాతి ఊళ్ళోనూ అదే. ‘ఇతర’ కింద ఒకటిన్నర గీత ఎంతసేపు? ఫారాల వెనకవైపు రాసుకుంటూ వచ్చాను.

శనివారం నాడు ఆ కట్ట సార్ బల్లమీద పెట్టాను. ఆయన ఒకటి తిరగేసి చూశాడు. మేం కన్నడంలోనే మాట్లాడుకుంటాం, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

“వెనకాల రాశారేంటి? కంప్యూటర్లో ఎక్కించేది గళ్ళే కదా.”

“జనం చెప్పింది వెనకాలే ఉంది సార్.”

“నర్సు వేళలు మన చేతిలో ఉన్నాయా మేడం? మనది కళల విభాగం.”

చెడ్డవాడు కాదాయన. ఎండలో తిరిగి వచ్చానని తన టీ నాకిచ్చి మరొకటి తెప్పించుకున్నాడు. ఆ టీ తాగుతూ పళ్ళు కొరుక్కున్నాను.

సోమవారం ఫారాలు మరికొన్ని జిరాక్సు తీయించడానికి బీదర్ నడుమ చౌబారా గోపురం దగ్గరి కొట్టుకు పోతే, అక్కడ మా సంస్థ ఫ్లెక్సు ఆరబెట్టి ఉంది. ఆరు ఊళ్ళ పేర్లు, ఆరు తేదీలు. అందులో రెండు ఊళ్ళలో నేనింకా అడుగే పెట్టలేదు. పైన పెద్ద అక్షరాలతో ‘నాటక ప్రదర్శన’. కింద నాటకం పేరు చూసి రెండుసార్లు చదువుకున్నాను. అది నాది. పాత సంస్థలో ఉన్నప్పుడు టీబీ మీద రాసిన నాటకం. ఏ బృందం ఆడేదో ఆ బృందాన్నే మళ్ళీ మాట్లాడారు.

సగం దారిలోనే సార్‌కు ఫోన్ చేసి గొంతు పెంచాను. “ఇంకా అడగడం కాలేదు కదా సార్, తేదీలు ఎలా వేశారు?”

“డబ్బులిచ్చేవాళ్ళకు తేదీలు ముందే పంపాలి మేడం. సర్వే దానికి జతచేస్తాం. అయినా ఎక్కువమంది నాటకమే అన్నారు కదా. మీరే రాసుకొచ్చారు.”

కోపంగా ఫోన్ పెట్టేశాను. సిగ్గు విడిచి ఇంకొకటి కూడా చెప్పాలి. ఆ కోపం కింద కొంచెం సంతోషం ఉంది. నా నాటకం మళ్ళీ ఆడతారు. జనం ఇంకా గుర్తుపెట్టుకున్నారన్నమాట అనుకున్నాను.

ఆ నాటకంలో ఒక అత్త ఉంటుంది. దగ్గు వస్తున్నా దాచిపెడుతుంది, మనవరాలికి అంటిస్తుంది, చివరికి దవాఖానకు పోయి ఆరు నెలలు మందులు మింగి బాగవుతుంది. ఆమె మూడుసార్లు దగ్గినప్పుడల్లా డోలక్ మీద మూడు దెబ్బలు పడాలని నేనే రాశాను. మూడో దెబ్బకు పిల్లలు పడీపడీ నవ్వేవాళ్ళు. ఆమెకు నాటకంలో పేరు పెట్టలేదు, అందరూ ‘దగ్గులత్త’ అంటారు. పాతిక ఊళ్ళలో ఆడితే నేను వెళ్ళి చూసింది రెండు ఊళ్ళలోనే. పిల్లలు ఆమెలాగే దగ్గుతూ మా జీపు వెంట పరుగెత్తారు. అది చూసి ‘సందేశం పిల్లల నోళ్ళలోకి వెళ్ళింది’ అని రిపోర్టులో రాశాను.

నేను వెళ్ళాల్సిన చివరి ఊరి పేరు ఇక్కడ చెప్పను. తెలంగాణ హద్దుకు దగ్గర, తెలుగు మాట్లాడే రైతులే ఎక్కువ. అక్కడి ఆశా కార్యకర్త నాకన్నా చిన్నది, నన్ను అక్కా అనేది, నేను చెల్లె అనేదాన్ని. ఇంటింటికీ ఆమే వెంట తిప్పింది. ఊరి చివర ఎర్రమట్టి గోడల ఇంటి ముందు ఒక పెద్దావిడ కంది పప్పు చెరుగుతోంది. నేను ‘నాటకం’ అన్న మాట ఎత్తగానే చేట పక్కన పెట్టింది.

“నాటకపోల్లా మీరు? నా తాన ఏం పని? పోండ్రి” అని లేచి లోపలికి పోయి తలుపు వేసుకుంది.

నేనింకా తేరుకోలేదు, గోడ అవతల నుంచి ముగ్గురు పిల్లలు దగ్గారు. మూడు దగ్గులు. వెంటనే రేకు డబ్బా మీద మూడు దెబ్బలు. ఆ లెక్క నాకు తెలుసు.

ఆశా చెల్లె పిల్లల్ని తరిమి, నన్ను పక్కకు తీసుకుపోయి చెప్పింది. “గామెకు నిజంగనే టీబీ ఉండె అక్కా. ఎవ్వరికి తెల్వది, నాకు, ఆమె కొడుక్కే తెల్సు. నేనే కొంగుల దాసి గోలీలు ఇస్తుంటి. నాలుగు నెలలు మింగింది, మంచిగయితాంది. గప్పుడే నాటకపోల్లు వచ్చిండ్రు. మొత్తం ఊరు సూసింది. తెల్లారి ఈమె బోరు కాడ దగ్గింది, ఇగ సూడు. దగ్గులత్త, దగ్గులత్త. కోడలు పల్లెం యేరు పెట్టింది. చేన్ల కైకిలికి పిలుసుడు బందయింది. నేను ఇంటికి పోతె అందరు సూస్తరని గోలీలు వద్దన్నది. రెండు నెలలు బందు పెట్టి మల్ల మొదటికెల్లి షురూ చేసింది. ఇప్పుడు మంచిగనే ఉన్నది. రోగం పోయింది, పేరు పోలే.”

“ఎన్నేండ్లయింది, చెల్లె?” అని అడిగాను.

“నాలుగు.”

నేను రాశానని ఆమెతో అనలేదు. ఫారం మీద ఏదో రాసుకుంటున్నట్టు తలవంచుకుని, పని ఉందని చెప్పి స్కూటర్ ఎక్కాను. మంచి పని కాదది. బీదర్ దాకా ఇంట్లో వండాల్సిన కూర గురించి ఆలోచించాలని ప్రయత్నించాను.

మర్నాడు సార్‌కు అంతా చెప్పాను, నేను రాసిన సంగతితో సహా. ఆయన శ్రద్ధగానే విన్నాడు. విన్నాక కుర్చీ ముందుకు జరిపి, “ఇది చాలా బలమైన విషయం మేడం. రెండు పేజీలు రాయండి, రిపోర్టులో పెడదాం. ఆమె ఫోటో ఒకటి దొరుకుతుందా?” అన్నాడు.

“ఫోటోనా?”

“మొహం కనపడకుండా, వెనకనుంచైనా సరే.”

నేను లేచి నిలబడ్డాను. ఆ ఊళ్ళో ఆడొద్దని, అసలు ఆ నాటకమే వద్దని అన్నాను. బృందాన్ని మాట్లాడేశామన్నాడాయన. “రాసింది మీరే కదా, సరిచేయండి. అత్తను మామను చేసేయండి. అంతే కదా.”

అంతే కదా అన్న మాట పట్టుకుని ఆ సాయంత్రం, దగ్గులత్త వేషం వేసినాయన దగ్గరికి పోయాను. నేను ఆయన్ని మామా అని పిలుస్తాను. ఆయన దర్జీ. బీదర్ పాత ఊళ్ళో ఇరుకు కొట్టు. పండక్కి కుట్టాల్సిన జాకెట్లు చుట్టూ పేర్చి ఉన్నాయి. నేను చెబుతున్నంతసేపూ మిషన్ తొక్కడం ఆపలేదు. చెప్పడం అయ్యాక ఆపాడు.

“నువ్వు రాసినవ్, నేను దగ్గిన” అన్నాడు.

“మనం మంచికే చేసినం మామా.”

“ఆ దగ్గు యాడ నేర్సుకున్ననో నీకు తెల్సా? మా అమ్మది. గదే బీమారితోని పోయింది. ఎట్ల దగ్గుతుండెనో అట్లనే దగ్గిన. జనం నవ్వుతుంటె నా పని మంచిగయితాందనుకున్న.” అని దారం కొరికాడు. “ఇగ నేను ఆ ఏసం ఎయ్య. మామను చేసినా ఎయ్య.”

ఇద్దరం కలిసి ఆ ఊరు పోవాలని అనుకున్నది ఆయన కొట్టులోనే. ఊరందరి ముందు ఒప్పుకుంటే కొంతైనా మేలని నాకనిపించింది. ఇప్పుడాలోచిస్తే, అది ఎవరికి మేలని అనుకున్నానో సరిగ్గా చెప్పలేను.

మహిళా సంఘం మీటింగు బడి వరండాలో, ఆదివారం మధ్యాహ్నం. ముందే ఆశా చెల్లెను పక్కకు పిలిచి నిజం చెప్పాను. ఆమె, “ఆ దినమే చెప్పద్దా అక్కా? నేను నీకు అంత చెప్తి” అంది. ఆ తర్వాత నాతో మాట్లాడినా చెల్లె లాగా మాట్లాడలేదు.

ఆడవాళ్ళు ఇరవైమంది దాకా ఉన్నారు. ఆ పెద్దావిడ రాలేదు. నేను నిలబడి, నాలుగేళ్ళ కింద ఆడిన నాటకం రాసింది నేనేనని, దగ్గులత్త అన్న పేరు నేను కల్పించిందేనని, ఆ పేరుతో ఒక మనిషిని పిలవడం తప్పని, ఆ తప్పు ముందు నాదని చెప్పాను. రాత్రంతా తయారు చేసుకున్న మాటలు. వింటున్నవాళ్ళ మొహాలు వెలిగాయి.

“నువ్వేనా రాసింది? మస్తుండె!” అంది ముందు వరసలో ఒకామె.

“మా పోరగాండ్లు ఇప్పటికి ఆడుతరు. మల్ల ఎప్పుడేస్తరు?” అని మరొకామె.

ఇంకెవరో మామను గుర్తుపట్టారు. “గీయననే! గీయననే చీర కట్టింది. ఓసారి దగ్గు మామా, గప్పట్లెక్క!”

అందరూ నవ్వారు. మామ లేచి చేతులు జోడించాడు. “నేను దగ్గ తల్లీ. గది మా అమ్మ సచ్చిపోయిన దగ్గు” అన్నాడు. నవ్వు ఆగింది. ఆగి, ఇబ్బందిగా మారింది. కొందరు కొంగులు సర్దుకున్నారు. కాసేపటికి సంఘం లీడరు రిజిస్టరు తెరిచి సంతకాలు పెట్టమంది. మా సంగతి అయిపోయింది.

నేను ఒంటరిగా ఊరి చివరికి నడిచాను. ఈసారి ఆమె తలుపు వేసుకోలేదు. నేను వస్తానని తెలిసినట్టు గడపలోనే నిలబడి ఉంది. మీటింగులో ఏం జరిగిందో నాకన్నా ముందే ఆమెకు చేరింది.

“పోరలు ఇప్పుడిప్పుడే మర్సిపోతుండ్రి. అందరికి మల్ల యాదికి తెచ్చినవా?” అంది.

అరుగు మీద కూలబడ్డాను. “నేను మంచి చేద్దామనే...” అని మొదలుపెట్టి ఆపేశాను. అదే మాట మామతోనూ అన్నాను కదా.

ఆమె నా చేతిలో కాగితాల వైపు చూసింది. “గందుట్ల ఏమున్నది?”

నాలుగు గళ్ళూ చదివాను. నాటకం, పాట, గోడబొమ్మ, తోలుబొమ్మలాట.

“గిందుట్ల నాది లేదు.”

“నీకేం కావాలె, పెద్దమ్మా?”

ఆమె చేలవైపు చూసింది. “సోయా కోతలొచ్చినయి. నన్ను పిలిపియ్. ఇంట్ల కూసోని కూసోని కాళ్ళు గుంజుతున్నయి. గంతే.”

కోతలకు మనుషుల్ని కూర్చే ఆమె ఇల్లు రెండు వీధుల అవతల. ఇందాక బడి వరండాలో నవ్విన వాళ్ళలో ఆమె ఒకతె. నేను అడగగానే, “నేనెప్పుడొద్దంటి? ఆమెనే వస్తలేదు” అంది. తిరిగి వచ్చి ఈ మాట చెబితే పెద్దమ్మ, “పిలువనిది ఎట్లొస్తరు?” అంది. మళ్ళీ అక్కడికి. “వస్త అని ఆమె నోటితోని చెప్పుమను.” మళ్ళీ ఇక్కడికి. “ఆమె నా గడపల కాలు పెట్టి పిలువాలె. నాలుగేండ్ల నుంచి తొక్కలే.” ఆ ఎండలో మూడుసార్లు తిరిగాను. మామ బడి దగ్గర వేపచెట్టు నీడలో కూర్చుని నన్నే చూస్తున్నాడు. నాకు ఏడుపొచ్చేంత విసుగు పుట్టింది. ఇద్దరి మధ్య నూరు గజాలు లేవు. ఇద్దరి మాటా ఒకటే. మధ్యలో నాలుగేళ్ళు, నా డోలక్ దెబ్బలు.

నాలుగోసారి ఆ కోతల ఆమె, నా పోరు పడలేక, చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని నా వెంట వచ్చింది. గడప దగ్గర ఆగింది. ఒక కాలు లోపల పెట్టింది. “రేపు ఏడింటికి. కొడవలి నీదే తెచ్చుకో” అంది.

“సరె” అంది పెద్దమ్మ.

క్షమించమని ఎవరూ అనలేదు. నేను చూస్తున్నానని కూడా వాళ్ళకు పట్టలేదు.

తక్కిన ఐదు ఊళ్ళలో నాటకం ఆడారు. దర్జీ మామ బదులు వేరే ఆయన వేషం వేశాడు. నాటకంలో దగ్గే అత్తను మామను చేశాను, డోలక్ దెబ్బలు తీసేశాను. నవ్వులు తగ్గాయని బృందంవాళ్ళు నా మీద సణిగారు. నేను పట్టుబట్టి మాన్పించిన ఆరో ఊరికి ఎదురుగా రిపోర్టులో ‘ఆసక్తి లేదు’ అని పడింది. అలా కాదని సార్‌తో వారంపాటు కొట్లాడితే, చివర్లో ఒక పేజీ ఇచ్చారు. మళ్ళీ ఆడేముందు, ఇదివరకు ఆడిన ఊళ్ళో ఏమైందో వెళ్ళి చూడాలని, ఏడింటికి నర్సు రావాలని జనం అడిగారని అందులో రాశాను. ఎవరైనా చదివారేమో తెలియదు. మొన్న చిమ్కోడ్ దారిలో పోతూ అడిగాను. నర్సమ్మ ఇప్పటికీ పదకొండింటికే వస్తోంది.

పెద్దమ్మను కంది కోతలయ్యాక ఒకసారి బీదర్ బస్టాండులో చూశాను. కూతురి ఇంటికి పోతున్నానంది. నన్ను చూసి మొహం తిప్పుకోలేదు, అలాగని సంబరపడనూ లేదు.

“పిలుస్తుండ్రా పెద్దమ్మా?”

“పిలుస్తుండ్రు. సోయాకు పోయిన, కందికి పోయిన.”

“మంచిగ చూస్తుండ్రా మరి?”

“నీళ్ళు నావి నేను కొంచవోత. అందరు ఒక్క చెంబు తాగుతరు, నాకు సీసా.” చేతిలో ప్లాస్టిక్ సీసా ఎత్తి చూపించింది. “గోనెగుడ్డ చుట్టి తడిపిన. వాళ్ళ నీళ్ళకన్న సల్లగుంటయి. అడుగుతరు గూడ ఒక్కొక్కలు.”

“ఇస్తవా?”

“ఒక్కొక్కలకు ఇస్త” అంది. అని, తన బస్సు వచ్చిందని సంచీ నా చేతికిచ్చి ముందు ఎక్కింది. నేను సంచీ అందించేలోపు కిటికీ పక్క సీటు పట్టుకుని కూర్చుంది.